నంజమ్మ చదివిన కార్డు

కృష్ణగిరి,
18-6-1978

వదిన నంజమ్మకు కదిరమ్మ నమస్కారాలు.

నేను ఇక్కడ క్షేమం. నువ్వూ, నాయనా, అవ్వా, గొర్రెలూ క్షేమమని తలుస్తాను. అన్న హోసూరు ఫ్యాక్టరీ నుంచి ఆదివారం వస్తే అతనికి కూడా ఈ ఉత్తరం చదివి వినిపించు. మన ఇంట్లో అక్షరం వచ్చినది నీకొక్కదానికే కనుక ఈ బాధ నీకు తప్పదు.

తొమ్మిదో తరగతి మొదలైంది. మా హాస్టల్లో పొద్దున అయిదుకు గంట, తొట్టి దగ్గర స్నానానికి వరుస, ఆరింటికి చదువు, ఎనిమిదికి రాగి సంగటి. శనివారం సాయంత్రం ప్రార్థన హాల్లో ‘మంచిమాటల గంట’ ఉంటుంది. బయటినుంచి పెద్దలు వచ్చి ఆడపిల్లలు ఎలా బతకాలో చెప్తారు. ఈ ఏడు ఆ సభకు దీపం వెలిగించడం, చివర ధన్యవాదాలు చెప్పడం నా పని. పోయిన శనివారం ఒక పెద్దాయన వచ్చి కష్టపడితే రాయి కూడా కరుగుతుందని గంటన్నర చెప్పాడు. రాయి సంగతి తెలియదు గానీ ముందు వరుసలో కూర్చున్న ఆరో తరగతి పిల్లలు నిద్రకు కరిగిపోయారు.

వార్డెనమ్మ చదివి సంతకం పెట్టాకే ఉత్తరాలు పోస్టుకు పోతాయి. కనుక హాస్టలు సాంబారు చాలా బాగుంటుందని కూడా రాస్తున్నాను.

నీ మరదలు
కదిరమ్మ


కృష్ణగిరి,
9-7-1978

వదినా,

ఈ ఉత్తరం వార్డెనమ్మ చూడలేదు. పాతపేట నుంచి వచ్చి చదువుకునే పుట్టమ్మ అని నా స్నేహితురాలు, తన పుస్తకాల సంచిలో దాచి తీసుకుపోయి పోస్టు చేస్తుంది. ఇది మాత్రం ఎవరికీ వినిపించవద్దు. తలుపు దగ్గరకేసుకుని చదువు.

నేను పెద్దమనిషినయ్యాను. మంగళవారం, లెక్కల క్లాసులో. పుట్టమ్మ తన పుస్తకాల సంచి నా వెనక అడ్డం పెట్టి, కడుపునొప్పి అని టీచరుతో చెప్పి నన్ను బయటికి తీసుకుపోయింది. ఆమెకు తప్ప ఇంకెవరికీ తెలియదు.

హాస్టల్లో ఒక రివాజు ఉంది. పిల్ల పెద్దమనిషి అయితే వార్డెనమ్మ ఆ రోజే ఇంటికి కార్డు వేస్తుంది. ఇంటివాళ్లు వచ్చి వేడుకకు తీసుకుపోతారు. పోయినేడు అలా ముగ్గురు పోయారు. ఒక్కతి తిరిగి వచ్చింది, అది కూడా తన పెట్టె తీసుకుపోవడానికి.

మన ఇంట్లో ఏం జరుగుతుందో నీకు నేను చెప్పాలా? అమ్మ పోయేటప్పుడు, నన్ను చేసుకుంటానని తన తమ్ముడి చేత చేతిలో చెయ్యి వేయించుకుని పోయిందని అవ్వ వారానికొకసారి గుర్తు చేస్తుంది. కార్డు అందిన మర్నాడే ఆ తమ్ముడు, గుర్రప్ప మామ, అత్తిముగం నుంచి కానుగ కొమ్మలు నరుక్కుని వస్తాడు. పచ్చాకు గుడిసె కట్టి నన్ను కూర్చోబెడతాడు. గుడిసె కట్టిన చెయ్యే తాళీ కడుతుంది. ఆయన చెడ్డవాడని నేను అనను. నాకన్నా పద్దెనిమిదేళ్లు పెద్దవాడు, నా పేరు పెట్టి ఒక్కసారైనా పిలవలేదు, అంతే. నాకు పదో తరగతి పరీక్ష రాయాలని ఉంది. నువ్వు ఎనిమిదిలో గుడిసెలో కూర్చుని ఇక బడి మొహం చూడలేదని నువ్వే చెప్పావు.

ఎవరికీ చెప్పకు. నాకు చాలా భయంగా ఉంది. నిన్న శనివారం అదే మైలతో దీపం వెలిగించాను. వద్దంటే ఎందుకని అడుగుతారు. వత్తి అంటించేటప్పుడు చెయ్యి కాలింది. అది ఊరికే కాలిందని అనుకోవాలని చూస్తున్నాను.

జవాబు పుట్టమ్మ ఇంటి విలాసానికి రాయి. వెనక రాశాను.

కదిరి


వేప్పనపల్లి,
20-7-1978

కదిరమ్మా,

నీ ఉత్తరం చదివి పొయ్యిలో వేశాను. దానిమీద రాగి సంగటి ఉడికింది, మీ అవ్వ ఈ పొద్దు సంగటి బాగా కుదిరిందని మెచ్చుకుంది. కాబట్టి దిగులు పడకు.

నవ్వుతున్నట్టు రాస్తున్నాను గానీ అది బూడిదయ్యేదాకా పొయ్యి ముందునుంచి లేవలేదు పిల్లా. ఈ ఇంటికి నేను కోడలిని. రేపు తెలిస్తే నీది తెలియనితనం అంటారు, నాది ద్రోహం అంటారు. అయినా చెప్పను. కుప్పంలో నన్ను గుడిసెలో కూర్చోబెట్టిన పదకొండో రోజు మా టీచరమ్మ ఇంటికి వచ్చి మా అమ్మను అడిగింది, ‘నంజమ్మను పంపరా’ అని. మా అమ్మ ఆమెకు చలిమిడి పెట్టి పంపేసింది. నేను గుడిసె ఆకుల సందులోంచి చూస్తూనే ఉన్నాను. అది నీకు జరగకూడదు.

పాత చీర ముక్కలు నాలుగు మడిచి మీ అన్న చేత పంపుతాను. పచ్చడి జాడీ చుట్టిన గుడ్డలనుకుంటాడు. ఉతికి ఎండలోనే ఆరవెయ్యి, సిగ్గుపడి పెట్టె వెనక ఆరవేస్తే జబ్బు చేస్తుంది. పైన ఒక తువ్వాలు కప్పితే చాలు.

ఇక్కడ వానలు ముందే వచ్చాయి. గుట్ట మీద గడ్డి బాగా లేచింది. గొర్రెలు రెండు పోయాయి. వానాకాలం పోవడం మామూలే, నువ్వు మనసులో పెట్టుకోకు.

వదిన


కృష్ణగిరి,
13-8-1978

వదినా,

రెండు అని రాశావు. అన్న ఈ ఆదివారం హోసూరు నుంచి ఊరికి పోతూ హాస్టలు దగ్గర దిగాడు. వేరుశనక్కాయలు చేతిలో పెట్టి, ‘పదకొండు పోయినాయి కదిరీ. రాత్రి బాగుండేది పొద్దునకి కాళ్లు చాపి పడుంటాది. అవ్వ దేవర కాడికి పోయొచ్చినాది’ అన్నాడు. దేవర ఏం చెప్పిందని అడిగితే చెప్పులు చూసుకుంటూ నిలబడ్డాడు. నువ్వెందుకు నాకు రాయలేదు?

నాకు తెలుసు ఏం చెప్పి ఉంటుందో. చిన్నప్పటినుంచి వింటున్నదే గదా. మైల దాస్తే మంద పోతుంది. నేను దాచింది జులై నాలుగున. మొదటి గొర్రె ఎప్పుడు పోయింది? తేదీ రాయి. దయచేసి రాయి.

నిన్న మంచిమాటల గంటకు ఒక రిటైరు హెడ్మాస్టరు వచ్చి ధైర్యం గురించి చెప్పాడు. మీసం బాగా పెద్దది. ‘మనసులో తప్పు లేనివాడికి భయం ఉండదు’ అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను మాత్రం ఆ మాటను తిరగేసి చూసుకున్నాను. భయం ఉంది కాబట్టి తప్పు ఉందన్నమాట. తర్వాత లేచి ఆయనకు ధన్యవాదాలు చెప్పాను. ‘మీ మాటలు మా జీవితాలకు వెలుగు’ అని ప్రతివారం చెప్పేదే చెప్పాను. కళ్లు తుడుచుకుంటుంటే, సభ నడిపించే పెద్ద టీచరమ్మ నేను పొంగిపోయాననుకుని వీపు తట్టింది.

దీపం మూడుసార్లు ఆరింది వదినా. కిటికీ తెరిచి ఉంది, నిజమే. కానీ కిటికీ ప్రతివారమూ తెరిచే ఉంటుంది.

ఇప్పుడు తిండి కూడా పోవడం లేదు. నాయన ఒక్కొక్క గొర్రెను పేరు పెట్టి పిలుస్తాడు. ఆయన మందను నేను ఇక్కడ కూర్చుని చంపుతున్నానేమో. వార్డెనమ్మకు చెప్పేద్దామా అనిపిస్తోంది.

కదిరి


వేప్పనపల్లి,
24-8-1978

కదిరమ్మా,

అడిగావు కాబట్టి రాస్తున్నాను. నీళ్లు తాగి చదువు.

దేవర పూనే ఆమె నిమ్మకాయ కోసి, ‘ఇంట్లో ఆడది మైల దాచి తిరగతా ఉండాది’ అంది. మీ అవ్వ చూపు నా మీద పడింది. పడక ఏం చేస్తుంది? ఇంట్లో ఈడొచ్చిన ఆడది నేనే కదా, నువ్వింకా చిన్నపిల్లవని వాళ్ల లెక్క. బయట చేరిన రోజుల్లో నేను గొర్రెల దొడ్లోకి పోయానని ఆమె తీర్మానం. నేను పోలేదని ప్రమాణం చేయబోయాను. అబద్ధపు ప్రమాణం కూడా చేసి ఇంకొక గొర్రెను చంపుతావా అంది.

నెల రోజులుగా నేను వెనక కొట్టంలో పడుకుంటున్నాను. నీళ్లబాన ముట్టకూడదు, మందవైపు చూడకూడదు. మీ అన్న వచ్చి ఒక పూట ఉండి పోతాడు, అవ్వతో మాట్లాడలేడు, నాతోనూ మాట్లాడలేడు. ఈ నెలలో ఇంకొకటి పోతే నన్ను కుప్పం పంపిస్తానని అవ్వ చెప్పేసింది. మొన్న మూడు పోయాయి. ఎందుకో ఇంకా పంపలేదు. మీ నాయన చనిపోయిన గొర్రెల చెవులు నిమురుతూ కూర్చుంటాడు. అది చూస్తేనే నాకు ఎక్కువ భయం.

మొదటి గొర్రె తేదీ అడిగావు. ఆషాఢం మొదట్లో, నువ్వు చెప్పిన మంగళవారం అయ్యాక శుక్రవారం.

ఇది రాయకూడదనుకున్నాను. కానీ నీకు అబద్ధం రాసి, ఇక్కడ అందరికీ అబద్ధం చెప్పి, నేను ఎవరితో నిజంగా ఉండాలి? నాకూ భయంగానే ఉంది కదిరీ. నిజంగా అదే కారణమేమోనని తెల్లవారుజామున అనిపిస్తుంది. పొద్దెక్కితే కాదనిపిస్తుంది. అయినా నువ్వు నోరు విప్పకు. నువ్వు వచ్చి గుడిసెలో కూర్చుంటే పోయిన గొర్రెలు లేచి రావు. చదువు పోతే మాత్రం మళ్లీ రాదు, అది నేను చూసినదే.

వదిన


కృష్ణగిరి,
10-9-1978

వదినా,

నువ్వు వద్దన్న పని చేశాను. తిట్టకుండా చివరిదాకా చదువు.

నీ ఉత్తరం చూసిన తర్వాత రెండు శనివారాలు దీపం ముట్టలేదు. చెయ్యి కాలిందని గుడ్డ కట్టుకుని తిరిగాను. నిన్న మంచిమాటల గంటకు సాలమ్మ అని ఒక నర్సు వచ్చింది. ప్రసంగం రాసుకుని రాలేదు. కుర్చీ కిందికి దింపించి మాతో సమానంగా కూర్చుని శుభ్రం గురించీ, తిండి గురించీ సగం తమిళంలో సగం తెలుగులో చెప్పింది. అరగంటకే ఆపేసి, ఏమైనా అడగమంది. ఎవరూ అడగలేదు. అడగడం మాకు అలవాటు లేదు, చప్పట్లు కొట్టడమే అలవాటు.

ధన్యవాదాలు చెప్పమని పెద్ద టీచరమ్మ నావైపు చూసింది. లేచాను. ‘మీ మాటలు మా జీవితాలకు’ అన్నాను. కొట్టంలో పడుకున్న నువ్వు కళ్లముందు కనిపించావు. ఆ మాట అక్కడే వదిలేసి అడిగేశాను.

‘ఆడపిల్ల పెద్దమనిషై ఆ సంగతి దాచిపెడితే ఇంట్లో గొర్రెలు చస్తాయా అమ్మా?’

హాల్లో నూట ఇరవై మంది నావైపు తిరిగారు. ఆమె నవ్వలేదు. ‘ఎన్ని పోయినాయి?’ అంది. పద్నాలుగు అన్నాను. పొద్దునా, సాయంత్రమా, కడుపు ఉబ్బిందా, ముందు వానలు పడినాయా, లేతగడ్డి మేసినాయా అని ఒక్కొక్కటే అడిగింది. తాను కూడా శూలగిరి పక్క గొర్రెలవాళ్ల ఇంటి పిల్లేనంది. ‘అది చిటుకు రోగం తల్లీ. లేతగడ్డి ఆశగా మేసిన గొర్రెకి వస్తాది. నీ ఒంటికీ దానికీ సమ్మందం లేదు. పశువుల ఆసుపత్రిలో సూది ఏస్తారు, మీ నాయనకు చెప్పు’ అంది. పది రోజులకు సూది పట్టుకుంటుందట. ఈలోగా ఒకటి రెండు పోయినా బెదరవద్దంది.

తర్వాత హాలంతా చూసి, ఈ పిల్ల మాదిరి దాచి భయపడుతున్నవాళ్లు ఇంకెవరైనా ఉన్నారా అని అడిగింది. ముందు వరుసలో ఒక తమిళ పిల్ల లేచింది. ఆ తర్వాత వెనకనుంచి ఇంకొకతి. నాతో కలిపి ఏడుగురం. ఇన్నాళ్లూ తొట్టి దగ్గర ఒకరి వెనక ఒకరం నిలబడి నేనొక్కదాన్నే అనుకుంటూ గుడ్డలు దాచుకున్నాం.

గొర్రెల భయం పోయింది వదినా. దాని చోట్లోకి ఇంకొకటి వచ్చి కూర్చుంది. పెద్ద టీచరమ్మ నన్ను గదిలోకి పిలిచింది. వార్డెనమ్మ చేత కార్డు వేయించక తప్పదంది. నేను ఏడ్చాను. ఆమె కోపంగా లేదు, అదే ఎక్కువ భయం. ‘ప్రతి శనివారం నిజం చెప్పండని మీకు చెప్పిస్తుండేది నేనే. ఇప్పుడు నేనే దాచితే ఎట్లమ్మా?’ అంది. కార్డులు సోమవారం పోతాయి. ఏడు కార్డులు. నేను నోరు తెరిచినందుకు ఆ ఆరుగురి ఇళ్లకూ.

నా సంగతి ఏమైనా కానీ, ముందు నాయనకు సూది మాట చెప్పు. నిన్ను కొట్టంలోంచి బయటికి రానివ్వమను. తప్పు నాదేనని చెప్పు. ఇక దాచడానికి ఏముంది?

కదిరి


వేప్పనపల్లి,
22-9-1978

కదిరమ్మా,

కార్డు వచ్చింది.

నీ ఉత్తరం ముందురోజే అందింది కాబట్టి వస్తుందని తెలుసు. పోస్టుమాను చెన్నకేశవను దారిలోనే పట్టుకోవాలని పొద్దుటినుంచి కంచె దగ్గర నిలబడ్డాను. ఆయన ఆ రోజు గుట్టవైపు నుంచి వచ్చి నేరుగా మీ నాయన చేతికే ఇచ్చాడు. మీ నాయన దొడ్డి బయట నిలబడి నన్ను పిలిచాడు. అవ్వ కూడా వచ్చి కూర్చుంది.

నిజం చదివేద్దామనే తీసుకున్నాను. ‘మీ అమ్మాయి కదిరమ్మ జులై నాలుగో తేదీన పెద్దమనిషి అయినది. వేడుకకు తీసుకుపోదలచినచో వచ్చి అనుమతి పొందవలెను.’ రెండే వాక్యాలు, కింద సంతకం, సీలు. నా నోట్లోంచి ఏం వచ్చిందో విను.

‘మీ కదిరమ్మ క్లాసులో బాగా చదువుతోంది. మీ గొర్రెలు చనిపోతున్నాయని ఆమె చెప్పగా విని చాలా బాధపడ్డాము. అది చిటుకు రోగం. లేతగడ్డి వల్ల వస్తుంది. ఎవరి మైల వల్లా కాదు. ఆలస్యం చేయకుండా పశువుల ఆసుపత్రికి తోలుకుపోయి సూది వేయించండి.’

అవ్వ మెడ సాచి, ‘కార్డు ఇంతే ఉండాది, సంగతి అంత ఉందే’ అంది. అక్షరాలు చిన్నగా రాశారని చెప్పాను. మీ నాయన కార్డు తీసుకుని తలపాగా మడతలో దోపుకున్నాడు.

నేను చేసిన పిచ్చిపని అదే. చదివిన చేత్తోనే పొయ్యిలో వేయాల్సింది. ఈ పొద్దున మీ నాయన, సెలవు పెట్టి వచ్చిన మీ అన్న మందను తోలుకుని పశువుల ఆసుపత్రికి బయలుదేరారు. తలపాగాలో కార్డు అలాగే ఉంది. పెద్ద టీచరమ్మ రాసింది డాక్టరుకు చూపిస్తే పని తొందరగా అవుతుందని మీ అన్నతో అంటుంటే నా చెవులతో విన్నాను.

వాళ్లు ఇంకా తిరిగి రాలేదు. రెండు చీరలు మూట కట్టి పెట్టుకున్నాను. వస్తే కుప్పం బస్సు ఎక్కించడానికే వస్తారు.

వదిన


కృష్ణగిరి,
27-9-1978

వదినా,

ఏమైంది? రెండు మాటలు రాయి చాలు. మూడు నెలల పరీక్షలు జరుగుతున్నాయి. సోషల్ పరీక్షలో గేటు చప్పుడైతే పెన్ను కింద పడేశాను. ఏడుగురిలో ముగ్గురిని ఇప్పటికే తీసుకుపోయారు. ముందు వరుస తమిళ పిల్ల పోతూ నావైపు చూడలేదు. ఇద్దరి ఇళ్లనుంచి చదువు అయ్యాకే వేడుక అని జవాబు వచ్చింది. ఇంకొకతీ నేనూ ఎదురుచూస్తున్నాం.

నావల్ల నీ కాపురం పోతే నేను ఏ పరీక్ష రాసి ఏం లాభం? నాయన కొట్టాడా? నిన్ను పంపేశారా? ఈ ఉత్తరం ఎవరు తీసుకుంటున్నారో కూడా తెలియకుండా రాస్తున్నాను.

కదిరి


వేప్పనపల్లి,
8-10-1978

కదిరమ్మా,

నేను ఇక్కడే ఉన్నాను. ముందు అది తెలుసుకో.

ఆ రోజు మీ నాయన సాయంత్రానికి మందతో తిరిగి వచ్చాడు. నావైపు చూడకుండా గొర్రెలను దొడ్లోకి తోలాడు. మీ అన్న నన్ను పక్కకు పిలిచి చెప్పాడు. ఆసుపత్రిలో కాంపౌండరు అచ్చెన్న కార్డు తీసుకుని ఉన్నది ఉన్నట్టు చదివేశాడట, సీలు మీది అక్షరాలతో సహా. మీ నాయన అంతా విని, ‘సూది ఏసినంక ఎన్నాళ్లకు సావులు ఆగుతాయప్పా?’ అని మాత్రం అడిగాడట.

ఆ తర్వాత పదిహేను రోజులు నేనెలా గడిపానో రాయలేను. కార్డు మాట విన్నప్పటినుంచి నన్ను వంటింట్లోకి రానిస్తున్నారు; ఆయన సంగటి తింటాడు, నేను వడ్డిస్తాను. నా మూట కొట్టంలో అలాగే ఉంది. తిడితే బాగుండు, తంతే బాగుండు అనుకున్నాను. మొదటి వారంలో రెండు గొర్రెలు పోయాయి. అవి పోయిన పొద్దు బస్సు టైము కూడా కనుక్కున్నాను. ఆ తర్వాత ఒక్కటి పోలేదు. అవ్వ మాత్రం అది తాను గంగమ్మకు కోసిన కోడిపుంజు మహిమ అంటోంది, అననీ.

నిన్న గుర్రప్ప వచ్చాడు. జాబు రాయలేకపోయాను, ఈ రోజు రాస్తున్నాను. పంచె ఉతికినది కట్టుకుని, అవ్వకు ఆకులు వక్కలు తెచ్చి అరుగుమీద కూర్చున్నాడు. పిల్లకు పద్నాలుగు నిండి పోతున్నాయి, ఇంకా సమయం కాలేదా అన్నాడు. అయినా కాకపోయినా ఈ దసరా సెలవులకు తెచ్చేద్దాం, మాఘంలో ముడి వేసేద్దాం అంది అవ్వ. నేను తలుపు పక్కన చాట పట్టుకుని నిలబడ్డాను, చెరిగిన రాగులనే మళ్లీ చెరుగుతున్నాను. మీ నాయన నన్ను పిలిచాడు.

తలపాగా విప్పి ఆ కార్డు నా చేతికి ఇచ్చాడు. మడతలు పడి, చెమటకు నాని ఉంది. ‘ఆ పొద్దు సదివినావే, అట్లనే ఇంకొకతూరి సదువమ్మా. గుర్రప్ప ఇనల్ల’ అన్నాడు.

ఆయన మొహంలోకి చూశాను. అంతా తెలిసిన మొహం. చదివాను. మీ కదిరమ్మ క్లాసులో బాగా చదువుతోంది, మీ గొర్రెలు చనిపోతున్నాయని విని బాధపడ్డాము. ఆ రోజు ఏ మాట తర్వాత ఏ మాట అన్నానో గుర్తులేక ఒకచోట ఆగిపోతే, ‘లేతగడ్డి’ అని ఆయనే అందించాడు. ఎవరి మైల వల్లా కాదు అన్న దగ్గర, ఆ మాట అవ్వకు మళ్లీ చదవమన్నాడు. మళ్లీ చదివాను. సూది వేయించండి అన్నదాకా వచ్చి కార్డు మడిచాను.

‘అయిపాయనా?’ అన్నాడు.

అయిపోయింది మామా అన్నాను.

‘అడుగున ఇంకో మాట ఉండాదే. పదో తరగతి పరీచ్చ అయ్యేదాకా పిల్లను ఈడనే ఉంచండి, అందాకా పెండ్లి మాట ఎత్తొద్దండి అని రాసుండారు గదా. అది సదవలేదే నువ్వు.’

కార్డు విప్పాను. అడుగున సీలు తప్ప ఏమీ లేదు. గుర్రప్ప నా చేతివైపే చూస్తున్నాడు, అవ్వ కూడా. అవును మామా, ఉంది అన్నాను. సీలు మీద వేలు పెట్టి, ఒక్కొక్క మాటా గట్టిగా, ఆయన చెప్పినదంతా చదివాను.

నీ వదిన
నంజమ్మ